ఆగిన గొంతు

హరిణి కంప్యూటర్లో ప్రోగ్రామ్ రాసే ఎడిటర్ తెరిచింది. మరుక్షణం స్పీకర్లోంచి "కి" అని ఒక ఆడగొంతు పలికి ఆగిపోయింది.

డిటెక్టివ్ వందన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఫిల్మ్‌నగర్‌లోని ఆ చిన్న డబ్బింగ్ స్టూడియోలో మూడో గదిని దయ్యాల గది అంటున్నారని విన్నప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆ గొంతులో అరుపు లేదు, ఏడుపు లేదు. తియ్యగా, స్పష్టంగా, పక్కనే కూర్చుని పిలిచినట్టు ఉంది. భయం వేసింది అందుకే.

"చూశారుగా మేడమ్," అంది హరిణి. స్టూడియోలో మిగిలిన ఒకే ఒక్క ప్రోగ్రామర్ ఆ అమ్మాయి. "నేను ప్లే ఏం నొక్కలేదు. ఎడిటర్ తెరిచానంతే. ఎవరు తెరిచినా ఇంతే. ఒక్క ముక్క పలుకుతుంది, ఆగిపోతుంది."

"ఇంతకుముందు ఏమేం పలికింది?"

"పోలీసులు సీల్ తీసిన రోజు 'సు'. మళ్లీ తెరిస్తే 'హా'. తర్వాత ఏదో 'స్' అన్నట్టు గాలి. నిన్న సౌండ్ ఇంజినీర్ తెరిస్తే 'పై'. అతను ఇక రానని మెసేజ్ పెట్టాడు. పాత వాచ్‌మన్ కూడా మానేశాడు."

"ఇయ్యాల 'కి'." వందన ముక్కలన్నీ నోట్లోనే కలుపుకుంది. సుహాస్, పైకి.

సుహాస్ ఈ గదిలో పనిచేసిన కుర్రాడు. కొన్ని రోజుల కిందట సాయంత్రం ఆరున్నరకి టెర్రస్ మీంచి పడి చనిపోయాడు. ఫోన్ మాట్లాడుతూ కాలు జారాడని పోలీసులు రాసుకున్నారు. ఫోన్ అతనితోపాటే ముక్కలైంది. ఆఖరి కాల్ ఇంటర్నెట్ నుంచి వచ్చిందని మాత్రం తెలిసింది, ఎవరు చేశారో తెలియలేదు.

"ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టినవా?"

హరిణి గాజు తలుపు వెనకున్న మైకు గదివైపు చూసింది. లోపల లైటు లేదు. చీకట్లో శాలువా కప్పుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ ఫోన్లో ఏదో టైప్ చేసి, తెరని గాజుకి ఆనించి చూపించింది.

'అది నా గొంతు.'

ఆవిడ సత్యలక్ష్మి, స్టూడియో యజమాని. ముప్పై ఏళ్లు ఎందరో కథానాయికలకి గొంతిచ్చిన మనిషి. రెండేళ్ల క్రితం గొంతుకి ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప మాట రాలేదు. ఆవిడ పాత సినిమాలు విని, ఆ గుసగుసని మళ్లీ పాత గొంతుగా మార్చే ప్రోగ్రామ్ తయారుచేస్తున్నాడు సుహాస్. వందనని పిలిపించింది ఆవిడే. జూబ్లీహిల్స్‌లో ఇంట్లో పడుకున్నానని తమ్ముడు బాబీకి చెప్పి, వెనక మెట్లమీంచి వచ్చింది. స్టూడియో పేరెత్తితే బాబీ ఒప్పుకోడు, నీ ఆరోగ్యం పాడవుతుందంటాడు.

వందన లేచి గది చూసింది. సుహాస్ సంచి కుర్చీ వెనక అలాగే వేలాడుతోంది. ఇంకో కుర్చీ వెల్లకిలా పడి ఉంది, సీల్ వేసినప్పుడు ఎలా ఉందో అలాగే. తలుపు బయట మగవాళ్ల చెప్పుల జత ఒకటి.

"ఇవి ఎవరివి?"

"సుహాస్‌వి," అంది హరిణి. "గదిలోకి చెప్పులేసుకుని రానివ్వం."

"టెర్రస్ మీద కంకర పోసి ఉన్నది. పొద్దున నేను బూట్లతోటి నడిస్తేనే గుచ్చుకున్నది. ఫోన్ మాట్లాడనీకి పోయేటోడు చెప్పులు ఏసుకోకుండ పోతడా?" వందన పడి ఉన్న కుర్చీని చూపించింది. "నడుచుకుంట పోలేదు హరిణీ. ఉరికిండు. ఎవరో పిలిస్తే ఉరికిండు. నువ్వు ఆ టైంల ఏడున్నవ్?"

హరిణి ముఖం పాలిపోయింది. "కృష్ణానగర్‌లో, రూమ్‌లో. ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టా. నన్ను కూడా ఉండమన్నాడు మేడమ్. ఏదో ముఖ్యమైంది చూపించాలన్నాడు. తలనొప్పని వెళ్లిపోయా." కళ్లు తుడుచుకుంది. "ఉండుంటే..."

"ఉండుంటే ఏమయ్యేదో ఎవరికీ తెల్వదు. ఏం చూపిస్త అన్నడు?"

"సత్యలక్ష్మి మేడమ్ గొంతు వేరే ఎక్కడో వినపడిందన్నాడు. ఎవరో దొంగచాటుగా వాడుకుంటున్నారన్నాడు. ఎక్కడో, ఎవరో చెప్పలేదు."

మైకు గదిలో శాలువా కదిలింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఇద్దరు లోపలికొచ్చారు. ముందున్నది బాబీ, స్టూడియో మేనేజరు. నలభై ఏళ్లవాడు, నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి. వెనక సాయిశ్రీనివాస్. ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ. అతని స్టేషన్‌లోనే వందన కానిస్టేబుల్‌గా చేసింది. ఇద్దరికీ అప్పుడూ పడలేదు. సత్యలక్ష్మి చీకట్లోనే ఉండిపోయింది. ఆవిడ ఉన్నట్టు వందన కూడా చెప్పలేదు.

"ఏంటి వందన గారూ, దయ్యాల్ని కూడా విచారిస్తున్నారా?" అన్నాడు సాయిశ్రీనివాస్. "నిర్మాత గారు నన్ను పంపారు. సినిమా రిలీజ్ దగ్గరపడింది, డబ్బింగ్ ఈ మెషీన్‌లో ఇరుక్కుంది. రీస్టార్ట్ చేస్తే అన్నీ సరిపోతాయట. లేవండి."

"రీస్టార్ట్ చేస్తే సుహాస్ కేసు గూడ సరిపోతది సార్. ఏం మిగలదు."

"కాలు జారి పడ్డాడు. ఎఫ్‌ఐఆర్ చదవలేదా?"

"చదివిన. అందుల చెప్పుల సంగతి లేదు. మీరు చూసిన్రా?"

సాయిశ్రీనివాస్ ముఖం బిగుసుకుంది. తలుపు బయటికి తొంగి చూశాడు.

వందన బాబీ వైపు తిరిగింది. "ఆరున్నరకి మీరెక్కడ ఉన్నరు?"

"టోలిచౌకిలోనండీ. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ఇక్కడికొచ్చేసరికి అంబులెన్స్ వచ్చేసింది." బాబీ కళ్లు నలుపుకున్నాడు. "మంచి కుర్రాడండీ. మా అక్కంటే ప్రాణం వాడికి. ఈ గదిలో ఆ గొంతు వింటుంటే నాకు నిద్ర పట్టట్లేదు. ఆపేయండి ప్లీజ్. మా అక్క చెవిన పడితే తట్టుకోలేదు."

"ఏం గొంతు? నాకూ వినిపించండి," అన్నాడు సాయిశ్రీనివాస్. చెయ్యి కీబోర్డు మీదకి వెళ్లింది. వందన అతని మణికట్టు పట్టుకుంది.

"ముట్టకున్రి."

"చెయ్యి తియ్యి."

"తీస్త. ముందు ఈ పిల్ల చెప్పేది ఇనున్రి. హరిణీ, నాకు చెప్పిందే సార్‌కు చెప్పు. అర్థమయ్యేటట్టు చెప్పు."

హరిణి గొంతు సవరించుకుంది. "డీబగ్గర్ అని ఒకటి ఉంటుంది సార్. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మనం అనుకున్న లైను దగ్గర ఆపి, లోపల ఏముందో చూడ్డానికి. ఆ రోజు సుహాస్ తన ప్రోగ్రామ్‌ని అలా ఆపాడు. అది ఆగే ఉంది. కానీ వినే భాగం ఆగలేదు, మెమరీ నిండేదాకా మైకు విన్నదంతా అందులోనే ఉంది, ఫైల్‌గా సేవ్ కాలేదు. మైకు విన్నదాన్ని ముందు విన్నట్టే పలుకుతుంది, ఆ తర్వాతే మేడమ్ గొంతుగా మారుస్తుంది."

"అయితే?"

"డీబగ్గర్‌ని ఈ ఎడిటర్‌తో కలిపే చోట బగ్ ఉంది. ఎడిటర్ తెరవగానే 'ఎక్కడ ఆగావు' అని అడిగి, జవాబు కోసం ఆగాలి. ఇది ఆగకుండా 'పద' అనేస్తోంది. ప్రోగ్రామ్ ఒక్క అడుగు వేసి, ఒక్క ముక్క పలికి, అదే లైను దగ్గర మళ్లీ ఆగుతోంది. పలికిన ముక్క మెమరీలోంచి పోతుంది. ఆగిందని డీబగ్గర్ చెప్తూనే ఉంది సార్, ఎడిటర్ వినట్లేదు. దయ్యం లేదు, ఏం లేదు."

"అంటే ఎడిటర్ తెరిచినప్పుడల్లా సాక్ష్యం ఒక్కో ముక్క పోతున్నట్టే," అంది వందన. "రీస్టార్ట్ చేస్తే ఒక్కసారే అంతా పోతది. హరిణికి గంట టైం కావాలె. బగ్ తీసేస్తే మిగిలింది మొత్తం ఇనొచ్చు."

సాయిశ్రీనివాస్ వాచీ చూసుకున్నాడు. "అరగంట," అన్నాడు చివరికి. "నేనిక్కడే కూర్చుంటా. ఏమీ లేకపోతే నా చేత్తో ఆపేస్తా. తర్వాత ఈ ఏరియాలో నీకు కేసు రానివ్వను వందనా."

"మంచిది సార్."

బాబీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేను ఆఫీసు గదిలో ఉంటానండీ," అని వెళ్లిపోయాడు.

హరిణి తన లాప్‌టాప్ తీసింది. ఈ మెషీన్ మీద ప్రయత్నించి చూసే వీల్లేదు. ఒక్కసారి తప్పు జరిగితే ఇంకో ముక్క పోతుంది. అందుకని లాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి, దాన్నీ అలాగే మధ్యలో ఆపి, ఎడిటర్ తెరిచి చూసింది. మొదటిసారి ఒక అడుగు జారిపోయింది. పెదవి కొరుక్కుని మళ్లీ రాసింది. ఇంకోసారి జారింది. గదిలో కీబోర్డు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. శబ్దం మింగేసే గోడల మధ్య ఎవరి ఊపిరి వాళ్లకే పెద్దగా వినపడుతోంది. ఏ క్షణాన ఆ గొంతు మళ్లీ పలుకుతుందోనని నలుగురూ స్పీకర్ వైపే చూస్తున్నారు.

"దొరికింది," అంది హరిణి. "జవాబు వచ్చేదాకా కాదు, ఆ జవాబు ఎడిటర్ చదివేదాకా ఆగాలి. అది వదిలేశాడు సుహాస్. వాడే రాసుకున్నాడు ఈ ముక్క, తొందరలో." లాప్‌టాప్‌లో ఎడిటర్ మూసి తెరిచింది. ఏమీ జారలేదు. మళ్లీ మూసి తెరిచింది. ఆగిన లైను పసుపు రంగులో కదలకుండా కనిపించింది.

"ఇక్కడ పెట్టు," అంది వందన.

హరిణి ఆ మార్పుని పెద్ద మెషీన్‌లోకి కాపీ చేసింది. అంతలో లైట్లు పోయాయి.

ఏసీ ఆగింది. బల్ల కింద యూపీఎస్ కీచుమని అరవసాగింది. మూల చిన్న ఎమర్జెన్సీ దీపం, మెషీన్ తెర, అవే వెలుగుతున్నాయి.

తలుపు తోసుకుని కొత్త వాచ్‌మన్ బాలనర్సయ్య టార్చితో వచ్చాడు. "ఫికర్ చెయ్యకున్రి సార్. నేనే బంద్ చేసిన."

"ఎవరు చెయ్యమన్నరు?" అంది వందన.

"అమ్మ ఫోన్ చేసింది. సత్యలక్ష్మమ్మ. 'మూడో గదిల షార్ట్ సర్క్యూట్ అయితుంది, మెయిన్ ఆపు నాయనా' అన్నది. పెద్దమనిషి, ఎంత మంచిగ మాట్లాడిందో."

మైకు గది గాజు తలుపు తెరుచుకుని సత్యలక్ష్మి బయటికొచ్చింది. సాయిశ్రీనివాస్ ఉలిక్కిపడి లేచాడు.

"గీ అమ్మ ఎవరు?" అన్నాడు బాలనర్సయ్య.

"సత్యలక్ష్మి," అంది వందన. "రెండేండ్ల సంది ఆమెకు మాట రాదు."

బాలనర్సయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. కొత్తగా చేరినవాడు, యజమానురాలిని ఎప్పుడూ చూడలేదు, వినలేదు. ఆ సంగతి తెలిసినవాడే ఫోన్ చేశాడు. సుహాస్ చేసిన గొంతు ఇంకెవరి దగ్గరో ఉంది. ఇప్పుడు, ఈ బిల్డింగులోనో దగ్గర్లోనో ఉంది.

"పోయి మెయిన్ వెయ్యి," అన్నాడు సాయిశ్రీనివాస్. అతని గొంతులో వెటకారం లేదు.

"ఏసి చూసిన సార్, రాలే. బాబీ సార్ జనరేటర్ చూస్త అని కిందికి పోయిండు."

"బ్యాటరీ ఎంతసేపు ఉంటది?" అని అడిగింది వందన.

"పాతది మేడమ్," అంది హరిణి. "కొద్ది నిమిషాలే."

"అయితే ఇప్పుడే. ఎవరూ బయటికి పోకున్రి."

సాయిశ్రీనివాస్ తన ఫోన్లో రికార్డింగ్ నొక్కి స్పీకర్ పక్కన పెట్టాడు. వందన అతనివైపు చూసింది. "సాక్ష్యం సాక్ష్యమే," అన్నాడు అతను.

హరిణి ఎడిటర్ తెరిచింది.

ఈసారి ఏ గొంతూ పలకలేదు. తెర మీద ఒక లైను పసుపు రంగులో వెలిగింది. సుహాస్ ప్రోగ్రామ్‌ని ఆపిన చోటు అది. ఆ రోజు నుంచీ అక్కడే ఆగి ఉంది. హరిణి ఆ లైను పక్కనున్న ఎర్ర చుక్క తీసేసి, 'కొనసాగించు' నొక్కింది.

"...రా నాన్నా." సత్యలక్ష్మి గొంతు. ముప్పై ఏళ్లనాటి నవ్వు అందులో ఉంది. ఫోన్ స్పీకర్లోంచి వచ్చినట్టు కొంచెం పల్చగా వినపడుతోంది. "నా గొంతొచ్చేసిందిరా. చల్లగాలికి నిలబడ్డానా, దానంతటదే వచ్చేసింది. ముందు నీకే వినిపించాలని."

"మేడమ్?" సుహాస్ గొంతు పగిలిపోయింది. "నిజంగానా? మేడమ్, ఉండండి. అక్కడే ఉండండి. వస్తున్నా, వస్తున్నా!"

కుర్చీ పడిన చప్పుడు. వట్టి కాళ్ల పరుగు. తలుపు.

హరిణి రెండు చేతులతో నోరు మూసుకుంది. సత్యలక్ష్మి గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. తన గొంతు ఆ పిల్లాడిని పిలవడం ఆవిడ తన చెవులతోనే వింది.

స్పీకర్లో చాలాసేపు ఖాళీ గది హోరు. యూపీఎస్ కూతల మధ్య దూరం తగ్గుతోంది. తర్వాత తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఎవరో రొప్పుతూ లోపలికొచ్చారు. కీబోర్డు మీద ఏదో నొక్కారు. మాటలేదు. ఉన్నట్టుండి ఆ మనిషి ఏడవడం మొదలుపెట్టాడు. నోరు నొక్కుకుని ఏడుస్తున్న ఏడుపు. ఎక్కిళ్లు వరసగా వచ్చాయి. ఆఖరిదాన్ని మింగేశాడు. తలుపు మూసుకుంది. రికార్డయింది అంతే.

"మగవాడు," అన్నాడు సాయిశ్రీనివాస్. "కానీ ఏడుపుని బట్టి ఎవరో ఎలా చెప్తాం? కోర్టులో నిలబడదు."

వందన సత్యలక్ష్మిని చూస్తోంది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. "మీరు గుర్తుపట్టిన్రు," అంది మెల్లగా.

సత్యలక్ష్మి తల అడ్డంగా ఊపింది. ఫోన్ తీసింది. వేళ్లు తెర మీద ఆడలేదు. మళ్లీ ఒళ్లో పెట్టేసుకుంది. కళ్లనిండా నీళ్లు.

"అమ్మా, ఆ పిలగాడు మీకోసం ఉరికిండు," అంది వందన.

ఆవిడ లేచింది. మైకు గదిలోకి వెళ్లింది. మైకు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆపినవాళ్లు లేరు, ప్రోగ్రామ్ ఇప్పుడు నడుస్తోంది. పెదాలు మైకుకి ఆనించి గుసగుసగా ఏదో అంది.

ఒక్క క్షణం తర్వాత గది నిండా ఆవిడ పాత గొంతు పలికింది. నిండుగా, స్వచ్ఛంగా.

"అది మా తమ్ముడు. బాబీ. అమ్మ పోయినప్పటినుంచీ నేనే పెంచాను. వాడి ఏడుపు నాకు తెలీదా?"

సుహాస్ చేసింది పనిచేసింది. రెండేళ్ల తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. హరిణి భోరున ఏడ్చేసింది.

తలుపు బయట గడియ పడింది.

వందన ఒక్క గంతులో తలుపు దగ్గరికి వెళ్లి లాగింది. రాలేదు. సాయిశ్రీనివాస్, బాలనర్సయ్య భుజాలతో గుద్దారు. మందం తలుపు, చప్పుడు కూడా మింగేసింది. తలుపు అంచున రబ్బరు చిరిగిన చోటునుంచి తడి లోపలికి పాకి కార్పెట్ నల్లబడుతోంది. డీజిల్ వాసన.

తలుపులోని చిన్న గాజులోంచి వందన చూసింది. కారిడార్ మసక వెలుతురులో బాబీ. ఒక చేతిలో జనరేటర్ డీజిల్ డబ్బా, ఇంకో చేతిలో లైటర్. లోపల చీకటిగా ఉంది, అతనికి ఎవరూ కనపడరు. గోడ మీది స్పీకర్ వైపు చూస్తూ ఏదో అరుస్తున్నాడు. మాట వినపడలేదు గాని పెదాలు తెలుస్తున్నాయి. హరిణీ, ఆపు.

"ఆ స్పీకర్లో ఇదంతా బయటికి వినపడుతుంది," అంది హరిణి. "నేను మైకులో మాట్లాడి పలికిస్తున్నాననుకుంటున్నాడు. మేడమ్ ఇంట్లో ఉన్నారనుకుంటున్నాడు!"

వందన రెండు చేతులతో గాజు మీద కొట్టింది. బాబీ చూడలేదు. ఆ గొంతుతో అబద్ధం ఆడించినవాడు, ఇప్పుడది నిజమంటే ఎలా నమ్ముతాడు?

"అమ్మా, మాట్లాడున్రి! మీరేనని వానికి తెలియాలె. మీకూ వానికీ మాత్రమే తెలిసింది ఏదన్నా చెప్పున్రి!"

సత్యలక్ష్మి రెండు చేతులతో మైకు పట్టుకుంది.

"బాబీ, నేనేరా. లోపలున్నాను." గొంతు కారిడార్‌లోకి పాకింది. "తణుకులో సినిమాకి వెళ్లాం గుర్తుందా? నా మొదటి సినిమా. నీకు ఎనిమిదేళ్లు. హీరోయిన్ నోరు తెరవగానే నువ్వు కుర్చీ ఎక్కి నిలబడి..."

గాజు అవతల లైటర్ ఉన్న చెయ్యి ఆగింది. బాబీ నోరు సగం తెరుచుకుంది. తల పైకెత్తి, చిన్నపిల్లాడిలా స్పీకర్ వైపు చూస్తున్నాడు.

"...హాలంతా వినపడేలా అరిచావు కదరా. అది మా..."

యూపీఎస్ ఒక్కటే పొడుగాటి కూత వేసి ఆగిపోయింది. తెర ఆరిపోయింది. మైకు మీద ఎర్ర దీపం పోయింది. సత్యలక్ష్మి పెదాలు ఇంకా కదులుతున్నాయి. గుసగుస తప్ప మరేమీ రావడం లేదు.

కారిడార్‌లో బాబీ 'అక్క' అనే ఆ ఒక్క మాట కోసం ఇంకొంతసేపు ఎదురుచూశాడు. అది రాలేదు. తర్వాత మెల్లగా తల దించి, చేతిలోని లైటర్ వైపు చూశాడు.